ఏ నర్సింగ్ కాలేజీ? ముందు మంచాలు లెక్కపెట్టు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ బైపీసీ 871 మార్కులతో పాసయ్యాను. ఈఏపీసెట్ ర్యాంకు 40 వేలు దాటింది. తొమ్మిదో తరగతి నుంచీ నర్సు కావాలనే నా కోరిక. మా ఊరికి 25 కిలోమీటర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ ఉంది. బిల్డింగ్ చాలా బాగుంది, ల్యాబులన్నీ ఏసీ. నాన్నకు తెలిసినాయన ఒకరు బెంగళూరులో సీటు ఇప్పిస్తానంటున్నారు. ఏడాదికి లక్షా పదివేలు, అన్నీ అందులోనేనట. రెండ్రోజుల్లో పదివేలు అడ్వాన్సు కట్టి ఒరిజినల్స్ ఇమ్మంటున్నారు. మా కాలేజీ జువాలజీ సార్ మాత్రం ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) సీటు వస్తే కళ్లు మూసుకుని చేరమంటున్నారు. జీఎన్‌ఎం అంటే చిన్న చదువని మా అత్త కూతురు నవ్వుతోంది. నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. ఒకచోట చేరాక మళ్లీ మారే స్తోమత మాకు లేదు. ఎక్కడ అప్లై చేయమంటారు? (పేరు రాయవద్దని కోరారు)

జవాబు:

తల్లీ, అన్నిటికన్నా ముందు ఒక్క పని చెయ్యి. నీ టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్ అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచి, తాళం అమ్మ చేతికివ్వు. రెండ్రోజుల్లో కాదుగదా, నెలరోజుల దాకా వాటిని ఎవరికీ ఇవ్వొద్దు. అవసరమైతే జిరాక్సులు ఇవ్వు, ఎన్నైనా ఇవ్వు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒరిజినల్స్ వాళ్ల దగ్గరికి వెళ్లిపోతే నీకు మన రాష్ట్రంలో కౌన్సెలింగ్ ఉండీ లేనట్టే. సీటు వచ్చాక కాలేజీలో చూపించాల్సింది ఆ కాగితాలే. వెనక్కి అడిగితే నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లమంటారు. విద్యార్థుల ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ చెప్పి ఏళ్లయింది. అయినా మెమోల కోసం తండ్రులు కాలేజీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోవడం నేను నా కళ్లతో చూశాను. ఆ బెంచీ మీద మీ నాన్న కూర్చోకూడదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బిల్డింగ్ సంగతి రాశావు, ఏసీ సంగతి రాశావు, ఫీజు రాశావు. ఆ కాలేజీ పిల్లలు ఏ ఆసుపత్రిలో పని నేర్చుకుంటారో ఎక్కడా రాయలేదు. నీ తప్పు కాదులే. ఏ బ్రోచర్లో చూసినా మొదటి పేజీలో బిల్డింగ్ ఫొటోయే ఉంటుంది, ఆసుపత్రి పేరు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నువ్వు ఆ పుస్తకాన్ని చివరి పేజీ నుంచి చదవాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. నర్సింగ్ ఫస్టియర్లో మేల్ మెడికల్ వార్డులో ఈవినింగ్ డ్యూటీ. నలభై మంచాల వార్డు, అరవై మందికి పైగా పేషెంట్లు, కొందరు కింద చాపల మీద. ఒక పెద్దాయనకు సెలైన్ ఎక్కుతోంది. అర లీటరు ఆరు గంటల్లో వెళ్లాలి. మామూలు ఐవీ సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, అంటే నిమిషానికి 28. వాచీ పట్టుకుని లెక్కపెట్టి సరిగ్గా 28 పెట్టాను. నా లెక్కకు నేనే మురిసిపోయాను. పావుగంటకు వచ్చి చూస్తే పదకొండో పన్నెండో పడుతున్నాయి. చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పి మళ్లీ పెంచాను. ఇంకాసేపటికి ధార కట్టినట్టు పడుతోంది. గాభరాపడి సిస్టర్ని పిలిచాను. ఆవిడ సీసా వైపు చూడనైనా చూడలేదు. "రోలర్ వదిలెయ్యవే, తాత మోచెయ్యి చూడు" అంది. ఆయన ఒక్కోసారి చెయ్యి ముడుస్తున్నాడు, ఒక్కోసారి చాస్తున్నాడు. కాన్యులా, అంటే నరంలో పెట్టే సన్నటి గొట్టం, మోచేతి మడత దగ్గరే ఉంది. చెయ్యి ముడిస్తే చుక్క ఆగుతుంది, చాస్తే పరుగెడుతుంది. ఎందుకు ముడుస్తున్నాడంటే చలి. సిస్టర్ దుప్పటి తెచ్చి కప్పింది. అంతే, చుక్క నిలబడింది.

ఏసీ ల్యాబులో పడుకోబెట్టిన బొమ్మకు చలెయ్యదు, అది చెయ్యి ముడవదు. బొమ్మలు వద్దనడం లేదు. మొదటి ఇంజెక్షన్ బొమ్మకే వెయ్యాలి, మనిషికి వెయ్యకూడదు. కానీ నాలుగేళ్లూ బొమ్మలతోనే సరిపెట్టుకున్న పిల్ల మొదటి ఉద్యోగంలో మొదటి రాత్రి డ్యూటీకి వెళ్లినప్పుడు ఎంత వణికిపోతుందో నాకు తెలుసు. అలాంటి పిల్లలు మా వార్డుకు వచ్చేవాళ్లు. మార్కులు బాగానే ఉండేవి, బీపీ చూడమంటే స్టెతస్కోపు చెవిలో తిరగేసి పెట్టుకునేవాళ్లు.

అందుకే, ఏ కాలేజీకైనా ఈ లెక్క వేసుకో. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలి, పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. ఏడాదికి 60 సీట్ల కాలేజీ అనుకుందాం. ఒక్క బ్యాచ్ పోస్టింగ్‌కు, అంటే ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి, వెళ్లాలన్నా 180 మంది పేషెంట్లు కావాలి. సొంత ఆసుపత్రిలో 100 పడకలు నిండుగా ఉన్నా చాలవు. కాబట్టి మిగతా పిల్లల్ని వేరే ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లాలి. ఆ బస్సు ఎక్కడికి వెళ్తుందో కనుక్కోవడమే నీ పని. జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీ ఆసుపత్రికో వెళ్తే సంతోషం. బస్సు లేదు, పోస్టింగ్ అంతా ఇక్కడే అన్నారంటే, ఆ ఇక్కడ ఎన్ని మంచాల మీద మనుషులున్నారో నువ్వు వెళ్లి చూసుకోవాలి.

కాగితం మీద మంచాలు ఎలా నిండుతాయో కూడా చెప్తా విను. ఒకసారి నన్ను ఇన్‌స్పెక్షన్ టీమ్‌లో వేశారు. ఆ కాలేజీ పేరు, ఊరు వద్దు. వెళ్లేసరికి వార్డులన్నీ కిటకిటలాడుతున్నాయి, దుప్పట్లు కొత్తవి, ఇంకా గంజి వాసన కూడా పోలేదు. ఆర్థోపెడిక్ వార్డులో ఒకామె కాళ్లు బారచాపుకుని బీడీలు చుడుతోంది. కేస్ షీట్‌లో తొడ ఎముక విరిగిందని రాసుంది. "ఎప్పుడు పడ్డావమ్మా?" అనడిగితే, "నేనెక్కడ పడ్డా? ట్రాక్టర్ ఎక్కమన్నరు, మధ్యాహ్నం బిర్యానీ అన్నరు" అంది పాపం. పక్కనున్న మేనేజ్‌మెంట్ మనిషి ముఖం చూడాల్సింది. కేస్ షీట్లన్నీ ఒకే చేతిరాత, ఒకే పెన్ను.

అందుకని అడ్మిషన్ కౌంటర్ వాళ్లు చూపించేది చూసి ఊరుకోకు. నీకు దగ్గర్లో ఉన్న ఆ కాలేజీకి ఎవరికీ చెప్పకుండా, పండగలు పబ్బాలు లేని ఒక మంగళవారమో బుధవారమో వెళ్లు. పొద్దున్నే ఏడున్నరకల్లా గేటు దగ్గర ఉండు. యూనిఫామ్ వేసుకున్న పిల్లలు ఎటు వెళ్తున్నారు, ఎంతమంది వెళ్తున్నారు, వాళ్లతో టీచర్ ఎవరైనా ఉన్నారా చూడు. తర్వాత ఆసుపత్రికి వెళ్లు. ఓపీలో చీటీ రాయించుకునే క్యూ ఎంతుందో చూడు. విజిటర్స్ టైములో వార్డుల్లో ఒక చుట్టు తిరుగు. మంచాలు లెక్కపెట్టు, మంచాల మీద మనుషుల్ని లెక్కపెట్టు, మంచం కింద చెప్పులూ టిఫిన్ క్యారియరూ ఉన్నాయేమో చూడు. చెప్పులూ క్యారియరూ లేని పేషెంటును నేనైతే నమ్మను. లేబర్ రూమ్ లోపలికి ఎలాగూ పోనివ్వరు, బయట తాతమ్మలూ నాయనమ్మలూ ఫ్లాస్కులు పట్టుకుని కూర్చున్నారంటే లోపల కాన్పులు అవుతున్నట్టే.

ఆ తర్వాత థర్డియర్ పిల్ల ఎవరైనా టీ తాగడానికి బయటికొస్తే పక్కన కూర్చో. "కాలేజీ ఎలా ఉందక్కా?" అని మాత్రం అడక్కు, "బాగుంది" అంటుంది, ఎవరైనా అంతే అంటారు. "ఈ వారం పోస్టింగ్ ఎక్కడక్కా? ఇప్పటిదాకా నీ చేత్తో ఎన్ని కాన్యులాలు వేశావు? మూత్రానికి క్యాథెటర్ వేశావా? నువ్వు చేసిన కాన్పులెన్ని?" అని అడుగు. మా రోజుల్లో కేస్ బుక్కులో ఇరవై కాన్పులు రాయనిదే పరీక్షకు కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇప్పటి సిలబస్‌లో అంకెలు మారాయి, కేస్ బుక్కు మాత్రం ఉంది. ఆ పిల్ల నవ్వి "అవన్నీ సీనియర్ల బుక్కు చూసి రాసేస్తాం" అందనుకో, టీ డబ్బులు నువ్వే ఇచ్చి, దండం పెట్టి వచ్చెయ్.

ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. సైకియాట్రీ పోస్టింగ్ ఎక్కడ? పిల్లల వార్డు పోస్టింగ్ ఎక్కడ? మన దగ్గర సైకియాట్రీకి చాలా కాలేజీలు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపిస్తాయి. ఎన్ని రోజులు పంపిస్తారు, ఉండటానికి చోటు, తిండి ఎవరు చూస్తారు, దానికి విడిగా డబ్బు తీసుకుంటారా అన్నది ఇప్పుడే కనుక్కో. టీచర్ల గురించి కూడా ఆ పిల్లనే అడుగు. చేరినప్పటి మేడమ్‌లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారని. ఏటా టీచర్లు మారిపోయే చోట జీతాలు సరిగా ఇవ్వరని అర్థం. జీతం అందని ట్యూటర్ నీ పక్కన నిలబడి డ్రెస్సింగ్ నేర్పిస్తుందని ఆశపెట్టుకోకు.

బెంగళూరు సంగతికొస్తాను. బెంగళూరులో మంచి నర్సింగ్ కాలేజీలు లేవని నేననను. దేశంలోనే పేరున్నవి కొన్ని అక్కడున్నాయి. కానీ అవి మీ నాన్నకు తెలిసినాయన ద్వారా పిల్లల్ని వెతుక్కోవు. ఆయనకు కమిషన్ ఇచ్చేది కాలేజీ, ఆ కమిషన్ వచ్చేది మీ నాన్న కట్టే ఫీజులోంచి. ఆయన్ని కాలేజీ పేరు కాగితం మీద రాసిమ్మని అడుగు. ఆ పేరు కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం జాబితాలో ఉందా, ఎన్ని సీట్లకు అనుమతి ఉంది, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందా అన్నవి వాళ్ల వెబ్‌సైట్లలో నువ్వే చూడు. ఆయన ఫోన్లో చూపించే పీడీఎఫ్ చూసి నమ్మకు. "అటెండెన్స్ మేం చూసుకుంటాం, పరీక్షలప్పుడు వస్తే చాలు" అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఇక సంభాషణ అక్కడితో ఆపెయ్. క్లాసుకు రాకుండా పాసైన నర్సు చేతికి నువ్వు మీ అమ్మను అప్పజెప్తావా?

డబ్బు లెక్క కూడా చూడు. "అన్నీ అందులోనే" అన్న లక్షా పదివేలల్లో హాస్టల్, మెస్, యూనిఫామ్, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, పోస్టింగ్ బస్సు ఉన్నాయా? రసీదు కాలేజీ పేరు మీద ఇస్తారా? బయటి రాష్ట్రంలో మేనేజ్‌మెంట్ సీటుకు మన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. చదువైపోయాక అక్కడి కౌన్సిల్లో రిజిస్టర్ అయి, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్లో మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగాలకు ఇక్కడి రిజిస్ట్రేషన్ అడుగుతారు. చేసుకోలేని పనేం కాదు, కానీ తిరుగుళ్లు, నెలలు. నీ పరిస్థితిలో, ఆ మనిషి ద్వారా బెంగళూరు వద్దనే నా మాట.

జీఎన్‌ఎం గురించి మీ అత్త కూతురు నవ్విందన్నావు. నేను జీఎన్‌ఎమ్మే చదివాను, తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేశాను. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. ఏది చదివినా కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ ఒకటే, రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని. తెలంగాణలో స్టాఫ్ నర్స్ పోస్టులు పడ్డప్పుడు ఇద్దరూ ఒకే పరీక్ష రాశారు. వార్డులో పేషెంటు ఎవర్నైనా "సిస్టరమ్మా" అనే పిలుస్తాడు.

అలాగని తేడా లేదని మభ్యపెట్టను. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష, అదే నార్‌సెట్, బీఎస్సీ వాళ్లు పాసవగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎమ్మెస్సీ చెయ్యాలన్నా, కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా బీఎస్సీ ఉండాలి. జీఎన్‌ఎం అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే అక్కడికే చేరతావు, కాకపోతే మొత్తం ఐదేళ్లవుతుంది. జీఎన్‌ఎం కోర్సు ఎత్తేస్తారని కొన్నేళ్ల కిందట పెద్ద గోల జరిగింది, ఎత్తెయ్యలేదు. 2023లో పార్లమెంటు నర్సింగ్, మిడ్‌వైఫరీలకు కొత్త కమిషన్ చట్టం తెచ్చింది, కాబట్టి ముందుముందు నిబంధనలు మారొచ్చు. విదేశాలకు జీఎన్‌ఎం వాళ్లు పోలేరన్నది మాత్రం అబద్ధం. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల్లో జీఎన్‌ఎం వాళ్లు కొల్లలు, జర్మనీకీ వెళ్తున్నారు. ఎక్కడికైనా వాళ్లు ముందు అడిగేది రెండేళ్లు ఎంత పెద్ద ఆసుపత్రిలో, ఏ వార్డులో చేశావని. ఆపైన భాష. జర్మనీ అయితే జర్మన్, బ్రిటన్ అయితే ఇంగ్లిష్ పరీక్ష.

ప్రభుత్వ స్కూలంటే జిల్లా ఆసుపత్రి ఉంటుంది, వరండాల్లో కూడా పేషెంట్లుంటారు. పాము కాటు, పురుగుమందు తాగినవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, ముసలివాళ్ల పుండ్లు, అన్నీ చూస్తావు. ఫీజు నామమాత్రం, స్టైపెండ్ కూడా వస్తుంది. లోటుపాట్లు లేవా అంటే ఉన్నాయి. హాస్టల్ బాత్రూములు చూసి మొదటి వారం ఏడుస్తావు. ఒక్కోసారి సిబ్బంది తక్కువై విద్యార్థుల చేత నర్సు పనంతా చేయిస్తారు, నేర్పించేవాళ్లు మాత్రం పక్కన ఉండరు. అప్పుడు నోరు తెరిచి "సిస్టర్, ఇది నాకు రాదు, చూపించండి" అనడం నేర్చుకోవాలి. తెలియకపోయినా తలూపి ఇంజెక్షన్ తీసుకెళ్లే అలవాటు మాత్రం చేసుకోకు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి నా వరస ఇది. మొదట, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం బీఎస్సీ నర్సింగ్ నోటిఫికేషన్. వెబ్ ఆప్షన్లలో తెలంగాణలోని ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు అన్నీ పెట్టు. దూరమని దేన్నీ వదిలెయ్యకు. కొత్త మెడికల్ కాలేజీల పక్కన కొత్త నర్సింగ్ కాలేజీలు కూడా వచ్చాయి. వాటికి సొంత భవనం లేకపోవచ్చు, ఆసుపత్రి మాత్రం ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి నోటిఫికేషన్ వేరుగా వస్తుంది, దాన్నీ చూస్తుండు. సీటు నీ ర్యాంకును బట్టి, నువ్వు పెట్టిన వరసలోనే కంప్యూటర్ ఇస్తుంది. కన్వీనర్ సీటు, అంటే ఇలా కౌన్సెలింగ్‌లో వచ్చే సీటు, "ఇప్పించే" మనిషంటూ ఎవరూ లేరు.

ప్రభుత్వ కాలేజీల కింద, నువ్వు చూసొచ్చి నచ్చిన ప్రైవేటు కాలేజీలు కన్వీనర్ కోటాలో పెట్టు. మీ దగ్గరి ఏసీ ల్యాబుల కాలేజీ ఆ మంగళవారం పరీక్షలో పాసైతే అదీ పెట్టు. ఫెయిలైతే దగ్గరే కదా, రోజూ ఇంటికి రావచ్చు కదా అని మీ అమ్మ అన్నా పెట్టకు. కన్వీనర్ సీటులో చేరినా ఒక మాట ముందే అడుగు. రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వస్తే ఫీజు మమ్మల్ని కట్టమంటారా, సర్టిఫికెట్లు ఆపుతారా అని. ఈ గొడవ చాలాచోట్ల ఉంది.

దానితోపాటే జీఎన్‌ఎం నోటిఫికేషన్‌కూ అప్లై చెయ్యి. అది ఇంటర్ మార్కులను బట్టి, నీ 871కి ఆశ ఉంది. ప్రభుత్వ బీఎస్సీ వస్తే అందులో చేరు, రెండో ఆలోచన వద్దు. అది రాక, ఖాళీ మంచాల ప్రైవేటు బీఎస్సీ ఒకవైపు, జిల్లా ఆసుపత్రి జీఎన్‌ఎం ఒకవైపు నిలబడితే, మీ సార్ చెప్పిందే నేనూ చెబుతా. కళ్లు మూసుకుని మాత్రం వద్దు, హాస్టల్ ఒకసారి చూసి చేరు.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆ తెలిసినాయన మీద కోపంతో మొదలుపెట్టకు. ఊళ్లో ముఖముఖాలు చూసుకోవాల్సినవాళ్లు. "కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆగుదాం నాన్నా, రాకపోతే అప్పుడు చూద్దాం" అను. సీటు నిజంగా ఉన్నవాడైతే ఆగుతాడు. రేపే కట్టాలి, లేకపోతే పోతుంది అన్నాడంటే పోనీ.

ఇంకొకటి మర్చిపోయేదాన్ని. ఎక్కడ చేరినా సరే, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకో. మొదటిది ఇప్పుడు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. చాలా కాలేజీలు చేరాక గుర్తుచేస్తాయి, కొన్ని అసలే చెయ్యవు. పోస్టింగ్‌కు వెళ్లేసరికి నీకు కనీసం రెండు డోసులు పడి ఉండాలి. చిన్నప్పుడు వేశారేమో అమ్మను అడిగి, ఆ కార్డు దొరికితే దాన్నీ బీరువాలోని కవర్లోనే పెట్టు.